ఏఐతో ముందు ఈసీ తీయించండి

సంపాదకులకు నమస్కారం.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. జిరాక్సు, హాల్ టికెట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, అన్నీ చేస్తాం. మొన్న జూన్‌లో మా చిన్నాన్న ఫోన్లో ఒక వెబ్‌సైటు చూపించాడు. వేరుశనగ విత్తనం, కదిరి లేపాక్షి రకం, బయటి రేటుకన్నా బాగా తక్కువ, ముందు 6 వేలు కడితే మిగతాది సరుకు ఊరికి వచ్చాక ఇవ్వొచ్చట. నాకు కొంచెం అనుమానం వచ్చింది గానీ సెంటర్లో జనం ఎక్కువగా ఉండి, ఫోన్లో ఉన్న ఏఐనే అడిగేశాను, ఈ సైటును నమ్మొచ్చా అని. అది సైటంతా చదివి, అడ్రసు ఉంది, జీఎస్టీ నంబరు ఉంది, రైతుల అభిప్రాయాలు కూడా ఉన్నాయి, నమ్మదగినదిగానే కనిపిస్తోంది అని చక్కటి తెలుగులో చెప్పింది. చిన్నాన్న కట్టేశాడు. నాలుగో రోజుకు వాళ్ల ఫోను స్విచాఫ్.

1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. తప్పు నాది కూడా, కాదనను. కానీ ఆ ఏఐ చేసిందేంటి? సైటు తన గురించి తాను రాసుకున్నదే చదివి మాకు అప్పజెప్పింది. దొంగనే పిలిచి నువ్వు మంచోడివేనా అని అడిగితే ఏం చెబుతాడు!

మన సీమలో రెండు సెంట్ల జాగా కొనాలన్నా, అమ్మేవాడు ఎంత తియ్యగా మాట్లాడినా, ఆ జాగా పాత లావాదేవీలన్నీ చూపే ఈసీ తీయకుండా ఎవరూ అడ్వాన్సు ఇవ్వరు. వెబ్‌సైటు పేరుకు కూడా అలాంటి రికార్డు ఉంటుంది, పైసా కట్టకుండా ఎవరైనా చూడొచ్చు. ఆ పేరు ఏ రోజు రిజిస్టరైంది, ఎవరి ద్వారా అయింది, గడువు ఎప్పుడు తీరుతుంది, ఏ సర్వర్లకు కట్టి ఉంది, ఇవన్నీ అందులో ఉంటాయి. డబ్బు పోయాక చూశాను. ఇరవై ఏళ్లుగా రైతుల సేవలో అని బోర్డు పెట్టుకున్న ఆ సైటు, చిన్నాన్న డబ్బు కట్టిన రోజుకు పుట్టి పదకొండు రోజులు.

మా సెంటర్లో సాయంత్రాలు కూర్చునే ఇంజనీరింగ్ కుర్రాడు ఒకడున్నాడు. ఏఐకి ఈ రికార్డు వెతికే చిన్న టూలు తగిలించాడు. ఆంత్రోపిక్ కంపెనీ 2024 నవంబరులో బయటపెట్టిన ఎంసీపీ అనే పద్ధతి వచ్చాక ఇలాంటివి తగిలించడం తేలికైందట. ఈ రికార్డు చూడటానికి వెనకటికి హూఈజ్ అని ఉండేది, 1982 నాటిది, వెబ్‌సైటు పేర్ల రికార్డు ఉంచే సంస్థలు, అంటే రిజిస్ట్రీలు, ఒక్కోటి ఒక్కో తీరులో రాసేవి, తేదీల్లో కూడా ఒకరు రోజు ముందు వేస్తే ఇంకొకరు నెల ముందు. 2015లో ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది, అందులో మన అప్లికేషన్ ఫారం లాగా ప్రతి వివరానికీ ఒక గడి ఉంటుంది కాబట్టి యంత్రం తికమక పడదు. డాట్ కామ్ లాంటి పేర్లకు 2025 జనవరి 28 నుంచి ఆర్‌డాపే అధికారిక దారి, హూఈజ్ ఇక తప్పనిసరి కాదు.

టూలు పెట్టి అదే సైటు గురించి అడిగితే మొదటి వాక్యంలోనే దాని వయసు చెప్పి, డబ్బు కట్టొద్దంది. సరదాకి టూలు తీసేసి రిజిస్ట్రేషన్ తేదీ ఎంత అని అడిగాడు. తెలియదని చెప్పొచ్చు కదా, 2016 అని ధైర్యంగా చెప్పేసింది! నాకు టెన్షన్ వచ్చింది అక్కడే. ఇప్పుడు ఏజెంట్లని వస్తున్నాయి, అవి జవాబు చెప్పి ఊరుకోవు, మన బదులు బుకింగులు చేస్తాయి, ఫారాలు నింపుతాయి. అలాంటిది రికార్డు చూడకుండా ఊహించి డబ్బు కట్టేస్తే ఎవరిని అడగాలి?

టూలు ఉన్నంత మాత్రాన సరిపోదు కూడా. రికార్డు లేదు అనడం వేరు, రికార్డు అందలేదు అనడం వేరు. కొన్ని దేశాల రిజిస్ట్రీలు ఇంకా ఆర్‌డాప్ ఇవ్వడం లేదు, అలాంటి చోట ఏఐ "తప్పేమీ కనిపించలేదు" అని చెప్పిందంటే మళ్లీ మా చిన్నాన్న కథే. యజమాని పేరు కూడా చాలావరకు కనిపించదు, 2018లో యూరప్ గోప్యత చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచి దాచేస్తున్నారు. డాట్ కామ్ లాంటి పేర్లకు తేదీలు మాత్రం దాచరు. పాత పేరు కొనుక్కుని మోసం చేసేవాళ్లూ ఉంటారు కాబట్టి వయసు ఎక్కువైనంత మాత్రాన మంచి సైటని కాదు, మరీ తక్కువైతే మాత్రం ఆగాల్సిందే.

బ్యాంకుల విషయంలో కొంత నయం. రిజర్వ్ బ్యాంకు చెప్పడంతో 2025 అక్టోబరు 31 గడువు పెట్టి బ్యాంకుల సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ కిందికి మార్పించారు, ఆ పేర్లు ఇచ్చేది హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే రిజర్వ్ బ్యాంకు సంస్థ ఒక్కటే. కాబట్టి బ్యాంకు పేరు మొదట్లో కాదు, చివర్లో ఏముందో చూడాలి. విత్తనాలకు, ఎరువులకు, పశువుల దాణాకు అలాంటి తోక లేదు. రైతు మోసపోయేదేమో అక్కడే.

ఏఐ యాప్‌లు చేసేవాళ్లు తెలుగు మాట్లాడించడం మీద పెట్టిన శ్రద్ధలో కొంచెం దీని మీద పెట్టాలి. సైటు నమ్మొచ్చా అని ఎవరైనా అడిగితే, అడిగిన వాళ్లకు డొమైన్ (వెబ్‌సైటు పేరు) అనే మాట తెలియకపోయినా, ఏఐ తనంతట తానే ముందుగా రికార్డు తీసి తేదీ చెప్పాలి. మీకూ ఒక విన్నపం. నకిలీ సైటు మోసం అని జిల్లా పేజీలో వార్త వేసినప్పుడు ఎన్ని లక్షలు పోయాయో వేస్తారు, ఆ సైటు ఏ తేదీన పుట్టిందో కూడా ఒక లైను వేయండి. మీ విలేకరికి రెండు నిమిషాల పని.

చిన్నాన్న విత్తనం చివరికి కదిరి వెళ్లి తెచ్చుకున్నాడు, అదీ అప్పు చేసి. 6 వేలు ఇంకా రాలేదు.

- ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు, అనంతపురం