ముక్తినాథ్‌లో మా అమ్మను కాపాడిన అక్కకు

అక్కా, నేపాల్‌లోని ముక్తినాథ్ గుడి వెనుక, స్నానం చేసే 108 నీటి ధారల దగ్గర మా అమ్మకు తల తిరిగి వాంతులైనప్పుడు మీరే పరుగున వచ్చారు. మాది హనుమకొండ. మీరు జగిత్యాల వైపు వాళ్లని మాట తీరులోనే తెలిసింది. "గిట్ల కూసోబెట్టు తమ్మీ, నడిపియ్యకు" అనగానే నా టెన్షన్ సగం తగ్గింది.

అందరూ చన్నీళ్ల స్నానం వల్లే అన్నారు. మీరు మాత్రం అమ్మ తలనొప్పి గురించి అడిగారు, అడుగులు తడబడటం గమనించారు. కింద పోఖరా నగరం సుమారు 800 మీటర్ల ఎత్తు, ఇక్కడ 3,700 దాటుతుంది, అక్కడి నుంచి ఇంత తొందరగా ఎక్కితే గాలి పలచనై శరీరం తట్టుకోలేదని, పడుకోబెట్టి చూడటం ప్రమాదమని, వెంటనే కిందికి దింపాలని చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. అంత దూరం వచ్చి, మీ దర్శనం కూడా వదులుకొని మాతో జీపెక్కారు. సుమారు 2,700 మీటర్ల ఎత్తులోని జోమ్‌సోమ్ దాకా అమ్మ తల మీ ఒడిలోనే ఉంది. సొంత బిడ్డలా చూసుకున్నారు.

అక్కడ ఆక్సిజన్ పెట్టాక రాత్రికి అమ్మ కోలుకుంది. ఆ హడావిడిలో మీ పేరు, నంబరు తీసుకోలేకపోయాం. అమ్మ ఇప్పుడు భద్రకాళి గుడికి నడిచే వెళ్తోంది, అక్కడ మీ పేరున దీపం పెడుతోంది. వరంగల్ వస్తే మా ఇంటికి తప్పకుండా రండి. మీకు శతకోటి దండాలు అక్కా.