విషయం: క్రాకోవ్ మ్యూజియం టికెట్లు, మీ "సమస్య పరిష్కరించబడింది" మెసేజ్‌లు

మేనేజర్ గారికి,

మీ ప్రకటనల్లో "తెలుగులోనే మాట్లాడండి" అని ఉంటుంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషులో పంపిన నాలుగు మెయిళ్లకు ఒక్క జవాబే వచ్చింది, అదీ మిషను పంపింది.

పోలండ్‌లోని క్రాకోవ్‌లో, యూదులను నాజీల నుంచి కాపాడిన జర్మన్ వ్యాపారి షిండ్లర్ ఫ్యాక్టరీ మ్యూజియానికి మీ దగ్గర మూడు టికెట్లు కొన్నాం. మా నాన్నగారు హైస్కూల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పారు. ఆ ఊరు వెళ్లిందే దానికోసం. తీరా లిపోవా వీధిలో 4వ నంబరుకు వెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి మీ వోచరు చూసి ఇది టికెట్ కాదంది. ఆ రోజు టికెట్లన్నీ అయిపోయాయి. సరే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నా బాధ అది కాదు.

గేటు బయటి నుంచి మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఇరవై రెండు నిమిషాలు "మీ కాల్ మాకెంతో విలువైనది", మధ్యమధ్య వీణ. చివరికి ఎత్తినాయన "ఫ్యాక్టరీ విజిట్ అయితే కంపెనీ పర్మిషన్ లెటర్ ఉండాలి సర్" అన్నాడు. బాబూ, అక్కడ ఎనామెల్ గిన్నెలు చేసింది యుద్ధం రోజుల్లో, 2010 నుంచి అది మ్యూజియం అని చెప్పాను. హోల్డ్‌లో ఉండమని లైన్ కట్ చేశాడు. తర్వాత ఒకావిడ బుకింగ్ నంబరు మూడుసార్లు చెప్పించుకుని యూరప్ డెస్క్‌కు కలిపింది. వాళ్లు లోకల్ పార్టనర్‌ని అడగమన్నారు. ఆ పార్టనర్ తీరా చూస్తే మమ్మల్ని దింపిపోయిన వ్యాన్ డ్రైవరు! మళ్లీ మీకే చేశాను. మళ్లీ వీణ.

ఈలోగా నాన్న గేటు పక్క కిటికీల్లోని ఫొటోలు చూపిస్తూ, షిండ్లర్ దాదాపు 1,200 మంది యూదులను ఎలా కాపాడాడో అమ్మకు చెబుతున్నారు. "లోపల ఆయన కథే కాదు, 1939 నుంచి 1945 దాకా జర్మన్ల కింద ఈ ఊరు పడ్డ పాట్లన్నీ చూపిస్తారట" అన్నారు. ఆ "ట" నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

మీ మనిషి మళ్లీ దొరికేసరికి మేం గెట్టో హీరోల చౌక్‌కు నడిచొచ్చేశాం. గెట్టో అంటే నాజీలు యూదులను బంధించి ఉంచిన పేట. దాన్ని 1943 మార్చిలో ఖాళీ చేయించారు. పోయినవాళ్ల గుర్తుగా అక్కడ ఖాళీ కుర్చీలు పెట్టారు. ఆ కుర్చీల మధ్య నిలబడి విన్న మాట: "బదులుగా వియలిచ్కా ఉప్పు గనికి పది శాతం డిస్కౌంట్ కూపన్ ఇస్తాం సర్."

ఇంటికొచ్చాక మూడు ఫిర్యాదులు పెట్టాను. మూడూ "పరిష్కరించబడింది" అని మూసేశారు. ఆ పరిష్కరించిన మహానుభావుడెవరో చెబితే దండ వేస్తాను.

కాశీ నుంచి సింగపూర్ దాకా తొమ్మిదేళ్లుగా మీ దగ్గరే బుక్ చేశాం, మా చెల్లి హనీమూన్‌తో సహా. పక్కింటివాళ్లను వెంటబెట్టుకుని మీ ఆఫీసుకు తెచ్చింది కూడా నేనే. బుద్ధి తక్కువై.

డబ్బు ఎలాగూ వెనక్కి ఇవ్వాల్సిందే. అది కాక, మీలో ఒక మనిషి, మిషను కాదు, నాన్నకు ఫోన్ చేసి తప్పయిందని చెప్పాలి. సోమవారం సాయంత్రంలోగా చేయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టడానికి మాత్రం సోమవారం దాకా ఆగుతానని మాటివ్వలేను.

నాన్న నంబరు బుకింగ్‌లోనే ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటారు, అప్పుడు చేయకండి.

ఇట్లు,
మీ "విలువైన కస్టమర్"