డీజిల్ కారు ఫిల్టరు లెక్క యజమానికి కనిపించాలి

సంపాదకులకు నమస్కారం.

గత డిసెంబరులో ఒక ఉదయం నా డీజిల్ కారు డాష్‌బోర్డు మీద, గొట్టం లోపల చుక్కలు పెట్టినట్టుండే పసుపు రంగు బొమ్మ ఒకటి వెలిగింది. బండి మామూలుగానే నడుస్తోంది కదా, సర్వీసింగు ఎలాగూ నెలరోజుల్లో ఉంది కదా అని వారం పాటు పట్టించుకోలేదు. ఎనిమిదో రోజున చైతన్యపురి దగ్గర పికప్ పడిపోయి, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం నలభై దాటకపోవడంతో, ఎలాగో సర్వీస్ సెంటరుకు చేర్చాను. అక్కడి మెకానిక్ స్టీరింగు కింది సాకెట్టుకు స్కానర్ తగిలించి, తెర నావైపు తిప్పారు. పొగగొట్టంలోని డీపీఎఫ్ అనే ఫిల్టరులో మసి పరిమితికి మించి పేరుకుందనీ, అది చివరిసారి పూర్తిగా శుభ్రపడిన తరువాత బండి 640 కిలోమీటర్లు తిరిగిందనీ అందులో ఉంది. ఆ మధ్యలో కారు తనంతట తాను చాలాసార్లు శుభ్రం చేసుకోబోయిందనీ, ప్రతిసారీ నేనే ఇంజిన్ ఆపేశాననీ ఆయన చెప్పారు. మూడేళ్లుగా ఆ బండి నడుపుతున్న నాకు అలాంటి లెక్క ఒకటుందని ఆ రోజే తెలిసింది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 అనే వాహన కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాక, డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగిన మసి రేణువుల బరువు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు తగ్గింది. బరువుతో పాటు రేణువుల సంఖ్యకూ హద్దు పెట్టారు. ఆ హద్దును అందుకోవడానికే కార్లకు ఈ ఫిల్టరు వచ్చింది. తేనెపట్టులా సన్నని గదులున్న పింగాణీ దిమ్మ ఇది. ఒక గదికి ముందువైపు మూత ఉంటే పక్కగదికి వెనకవైపు ఉంటుంది కనుక, పొగ గోడల గుండా వడకట్టుకుని బయటపడుతుంది, మసి గోడకు అంటుకుని మిగిలిపోతుంది. యూరియా ద్రావణం పోసే ట్యాంకు వేరు, దాని పని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడం. ఈ రెండింటినీ కలిపి ఒకటిగా చెప్పేవాళ్లు షోరూములో కూడా నాకు తగిలారు.

మిగిలిన మసిని కాల్చివేయాలి. హైవే మీద నిలకడగా నడిచేటప్పుడు ఆ పని కొంత దానంతటదే జరుగుతూ ఉంటుంది. మిగతాది జరగాలంటే, ఫిల్టరుకు ముందూ వెనకా ఉండే పీడనంలో తేడాను, నడిచిన తీరును చూసి కారులోని కంప్యూటరు నిర్ణయం తీసుకుని, సిలిండర్లలోకి అదనంగా కాస్త డీజిల్ వదిలి, ఫిల్టరులో వేడిని దాదాపు 600 డిగ్రీలకు పెంచుతుంది. ఇది పూర్తి కావడానికి పది నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి అంటే మాత్రం ఒక్క అంకె చెప్పడం కుదరదు. సాధారణంగా మూడు వందల నుంచి వెయ్యి కిలోమీటర్ల మధ్య అంటారు గానీ, ఊరి ట్రాఫిక్‌లోనే తిరిగే బండికి అంతకన్నా తక్కువ దూరంలోనే అవసరం పడవచ్చు.

జనవరి నుంచి నేను కారులో ఒక చిన్న నోటుపుస్తకం ఉంచి, శుభ్రపడుతున్న గుర్తులు కనిపించినప్పుడల్లా మీటరు రీడింగు రాసుకుంటున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటి నుంచి ఆఫీసుకు ఆరు కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో పాతిక నిమిషాలు పడుతుంది, అందులో సగం ఇంజిన్ వేడెక్కడానికే సరిపోతుంది. అలా తిరిగిన వారాల్లో ఒక శుభ్రతకూ మరొకదానికీ మధ్య దూరం 190, 210, 175 కిలోమీటర్లుగా ఉంది. పెళ్లిళ్ల పేరుతో వరుసగా రెండు ఆదివారాలు విజయవాడ హైవే మీద సూర్యాపేట వెళ్లివచ్చిన నెలలో అదే దూరం 480కి పెరిగింది. బండి అదే, డీజిల్ పోయించుకునే బంకు కూడా అదే.

గుర్తులంటే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు 800 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎమ్ ముల్లు వెయ్యి మీద నిలబడుతుంది, అప్పటికప్పుడు చూపించే మైలేజీ ఒక్కసారిగా పడిపోతుంది, బండి ఆపి దిగాక కూడా రేడియేటర్ ఫ్యాన్ హోరుమంటూ తిరుగుతూ కమురు వాసన వస్తుంది. అయితే మే నెల ఎండల్లో ఏసీ వల్ల ఆ ఫ్యాన్ ఎలాగూ ఆగదు కాబట్టి, మనకు వేసవిలో ఈ చివరి గుర్తును నమ్మడానికి వీల్లేదు. అలా జరుగుతున్నట్టు తెలిసిన రోజున నేను ఇంటి సందులోకి తిప్పకుండా నేరుగా ఎల్బీ నగర్ దాటి హయత్‌నగర్ వైపు వెళ్లి, ఒక గేరు తక్కువలో ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎమ్‌కు తగ్గకుండా పావుగంట నడిపి తిరిగివస్తాను. మా ఆవిడకు ఇది పనిలేని షికారుగా కనిపిస్తుంది, ఆమె మాటలోనూ న్యాయం లేకపోలేదు.

మధ్యలో ఆపడం వల్ల నష్టం ఫిల్టరుతోనే పోదు. కాలకుండా మిగిలిన అదనపు డీజిల్ సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఇంజిన్ ఆయిలులో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు మట్టం తగ్గకపోగా పెరిగి కనిపిస్తే సంతోషించవద్దు, పలచబడిన ఆ ఆయిలును వెంటనే మార్పించాలి. పల్లెల్లో ఇంకో ప్రమాదం ఉంది. పొగగొట్టం అంత వేడిగా ఉన్నప్పుడు కళ్లంలోనో, రోడ్డు పక్కన ఎండు వరిగడ్డి మీదనో బండిని నిలపడం నిప్పు మీద గడ్డి వేయడమే అవుతుంది.

నా బండికి ఆ రోజు సర్వీస్ సెంటరులో స్కానర్ సాయంతో బలవంతంగా శుభ్రం చేయించడంతో గండం గడిచింది. అలా కూడా కుదరకపోతే కొత్త ఫిల్టరుకు లక్ష పైమాటే అన్నారు. ఆ మాట విని బయటికి వచ్చినవారికి, లోపలి దిమ్మను పీకేసి ఖాళీ గొట్టం బిగించి, కంప్యూటరును మాయచేసి ఇస్తామనే షెడ్లు దొరుకుతున్నాయి. అది చట్టవిరుద్ధం, పైగా ఆ మసి మళ్లీ మన వీధిలోకే వస్తుంది. కానీ అక్కడికి వెళ్లేవాళ్లందరినీ తప్పుపట్టలేను. వారిలో చాలామందికి ఇంకో పావుగంట బండి నడిపితే సరిపోయేదని చెప్పినవాళ్లే లేరు.

అందుకే తయారీదారులకూ, వాహన ప్రమాణాలను నిర్ణయించే కేంద్ర రోడ్డు రవాణా శాఖకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. ఫిల్టరులో మసి ఎంత నిండిందో, చివరిసారి శుభ్రపడిన తరువాత ఎన్ని కిలోమీటర్లు నడిచిందో, ఈ క్షణంలో ఆ పని జరుగుతున్నదో లేదో కారు కంప్యూటరుకు ఎప్పుడూ తెలుసు. కొన్ని కార్లలో ఈ వివరాన్ని డాష్‌బోర్డు మీద చూపిస్తున్నారు, కొన్నింటిలో యజమానే శుభ్రత మొదలుపెట్టుకునే బటన్ కూడా ఇచ్చారు. మిగతావాటిలో అది స్కానర్ పెడితేనే బయటపడుతుంది. ప్రతి డీజిల్ కారులోనూ దాన్ని మైలేజీ పక్కనే చూపించడం తప్పనిసరి చేయాలి. అది జరిగేలోగా, షోరూములో రంగు ఏది కావాలని అడిగే ముందు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారని అడిగితే చాలు. పన్నెండు అని నేను అప్పుడే చెప్పి ఉంటే, ఆ సేల్స్‌మన్ నిజాయితీపరుడైతే, నన్ను పక్కనున్న పెట్రోలు బండి దగ్గరికి తీసుకువెళ్లేవాడు.

— ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్