బొమ్మలోకి ఎవరిని పిలిచారు?

శ్రీకాకుళం

ప్రియ మిత్రమా,

జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకోకు; జవాబు పత్రాలు దిద్దడంతోనే సరిపోయింది. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, పెద్దవాడు పదో తరగతి గట్టెక్కాడు, తక్కినవన్నీ యథాప్రకారమే.

లాస్ ఏంజిల్స్‌లో ఫౌలర్ మ్యూజియం చూసివచ్చి, ఆఫ్రికా, ఆసియా, పసిఫిక్ దీవులు, అమెరికా ఖండాల కళల కోసం అక్కడి విశ్వవిద్యాలయం 1963లోనే దాన్ని నెలకొల్పిందనీ, మన విశ్వవిద్యాలయాలకు ఆ బుద్ధి ఎప్పుడు పుడుతుందోననీ దెప్పిపొడిచావు కదా. పుట్టింది! మా దగ్గర ఒక పెద్ద గదికి వెల్ల వేయించి, మన కొండల్లోని సవర గిరిజనుల చిత్రాలను గుడ్డ మీద గీయించి తగిలించి, ఊళ్లవాళ్లెవరైనా రావచ్చని తలుపులు తెరిచారు. వచ్చినవారికి వివరించే పని నాకు అంటగట్టారు. హాస్టల్ గోడ మీది నా ఏనుగును వార్డెన్ ఏమనుకున్నాడో ఇక్కడ ఎవరికీ తెలియదు, దయచేసి తెలియనివ్వకు.

ఒకనాడు కళాశాల పిల్లలకు, మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మలో మనిషి ఒంటికి రెండు త్రిభుజాలు నడుము దగ్గర మొనలతో కలుస్తాయనీ, సవర బొమ్మలో ఒళ్లు సాగి ఉంటుందనీ, ముందు చుట్టూ అంచు గీసి ఆ తరువాతే లోపలికి వస్తారనీ గంభీరంగా చెబుతున్నాను. సీతంపేట కొండల వైపు నుంచి మనవరాలితో వచ్చిన ఒక సవర ముసలమ్మ, ఎర్రమట్టి రంగు మీద తెల్లగా గుర్రమెక్కినవాడూ సూర్యచంద్రులూ ఉన్న బొమ్మ ముందు నిలబడిపోయి, సవరలో ఏదో అడిగింది. గిడుగు రామమూర్తి గారు వందేళ్లకు పూర్వమే ఆ భాష నేర్చుకుని సవర పిల్లలకు బడులు పెట్టారు. ఇన్నేళ్ల తరువాత మాకు మాత్రం ఆ అమ్మాయే దుబాసీ కావలసివచ్చింది.

“ఇందులోకి ఎవరిని పిలిచారు?” అని అడిగిందట.

నీకు తెలియనిది కాదు, జబ్బు చేసినా, పంట పండాలన్నా, పోయినవారిని తలుచుకోవాలన్నా ఇంటి గోడ మీద బొమ్మ వేయించి, కుడన్ అనే పూజారి చేత ఆ దేవతనో పెద్దలనో అందులోకి ఆహ్వానించడం వారి ఆచారం. ఆ బొమ్మ వచ్చినవారు ఉండే ఇల్లు. ఎవరినీ పిలవలేదనీ, పూజ చేయలేదనీ నసిగాను. చిన్నబుచ్చుకుంటుందనుకుంటే, ఆవిడ హమ్మయ్య అనుకున్నట్టు నవ్వి, “మంచి పని చేశారు, పిలిచి తిండి పెట్టకపోతే ఊరుకుంటారా?” అన్నది!

పిల్లలు పకపకా నవ్వారు, నాకు మాత్రం నోట మాట రాలేదు. ఆ తరువాత ఆవిడే కింద కూర్చుని, వెదురుపుల్ల కొస నమిలి పీచు చేసి, తడిపిన బియ్యప్పిండిలో ముంచి, అట్టముక్క మీద అంచు గీసి చూపించింది. వంకర పోయిన చోట వేలితో తుడిచి మళ్లీ గీసింది. నేను గంటసేపు చెప్పిన దానికంటే పిల్లలకు అదే బాగా ఎక్కింది.

బొమ్మ కింద “అలంకరణ చిత్రం” అని రాసిన చీటీ తీసేయమని ఆ సాయంత్రమే పోరు పెట్టాను. పెద్దలు ఆలోచిస్తామన్నారు, అంటే తెలుసుగా, మన పాత మెస్ కమిటీ ఆలోచనే. గీసేవారికి కూలి ఇచ్చి పిలిపించి, చెప్పే పని కూడా వారికే అప్పగించాలని నా పట్టుదల. లేకపోతే ఊరివారికి చదువు చెబుతున్నామని బోర్డు పెట్టుకోవడం ఎందుకు? కానీ నిధుల మాట ఎత్తగానే...

వాచ్‌మన్ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఫౌలర్‌లో వస్తువుల కింద ఏమేం రాస్తారో ఫోటోలు తీసి పంపు, ఇక్కడ వాదించడానికి పనికొస్తాయి.

నీ
ఏనుగు