బార్లో గాలి సంగతి ఎవరు చూస్తారు?

సంపాదకులకు,

బార్లు తెరిచి నాలుగు రోజులైనా కోవిడ్ కేసులు పెరగలేదు కాబట్టి భయపడాల్సిందేమీ లేదన్న ధోరణిలో మీ జిల్లా పేజీలో వార్త వచ్చి వారం దాటింది. ఎవరైనా డాక్టరుగారు సరిదిద్దుతూ రాస్తారేమోనని చూశాను. రాలేదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరు 19న తెరిచిన బార్ల ఫలితం 23న ఎలా తేలుతుందండీ? వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు కనబడటానికి సగటున ఐదు రోజులు, ఒక్కోసారి పద్నాలుగు రోజులు పడుతుంది. జ్వరం వచ్చినవాడు రెండు రోజులు పారాసిటమాల్‌తో నెట్టుకొస్తాడు. తగ్గకపోతే స్వాబ్ ఇస్తాడు. ఫలితం వచ్చేసరికి ఇంకో రెండు మూడు రోజులు. ఈలోగా ఇంట్లో ముసలమ్మకి అంటుకుంటే ఆ కేసు అక్టోబరు లెక్కల్లో చేరుతుంది, అదీ ఇంట్లో సోకిందన్న ఖాతాలో. బార్ పేరు ఎక్కడా ఉండదు. నాలుగు రోజులకే తీర్పు చెప్పేయడానికి ఇదేమైనా వాన పడిందా లేదా అన్న సంగతా?

అలాగని బార్లు తెరిస్తే జనం పిట్టల్లా రాలిపోతారని గోల పెట్టేవారి వాదనా నాకు మింగుడుపడటం లేదు. వాళ్లు ఎంతసేపూ మద్యం దుకాణాలు తెరిచిన మే 4 నాటి ఫొటోలే చూపిస్తారు. ఆరడుగుల దూరం, ఒకసారికి ఐదుగురే అని కేంద్రం నిబంధన పెట్టింది. సున్నంతో గీసిన గుండ్రాల్లో మాత్రం చెప్పులు వరసగా నిలబడ్డాయి, వాటి యజమానులు చెట్టు నీడన గుంపుగా కూర్చున్నారు. సిగ్గుచేటే, కాదనను. కానీ అది ఆరుబయట, ఎండలో, గాలిలో. పైగా అప్పటికి మన విజయనగరం జిల్లాలో ఒక్క కేసూ లేదు. సెప్టెంబరు నాటికో, రాష్ట్రంలో కేసులు 6 లక్షలు దాటాయి, తాగుడు మూసిన గదిలోకి వెళ్లింది. పూర్తిగా మూసేయమనేవారు జూలైలో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయిన సంగతి కూడా తలుచుకోవాలి. ఒడిశా సరిహద్దు పక్కనే ఉన్న మనకి నాటుసారా గురించి ఒకరు చెప్పక్కర్లేదు.

అసలు గొడవ మందుతో కాదు, గదిలో గాలితో. చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో జనవరి 24న ఒక హోటల్లో పక్కపక్క బల్లల దగ్గర మూడు కుటుంబాలు భోంచేశాయి. బల్లల మధ్య మీటరు దూరం ఉంది. కిటికీలు లేవు, ఏసీ నడుస్తోంది. ఒక్కరి నుంచి మొదలై ఆ మూడు బల్లల్లో మొత్తం పదిమందికి సోకింది. వాళ్లు కలిసి ఉన్నది గంట, గంటంబావు. దక్షిణ కొరియాలో నైట్‌క్లబ్బులు తెరిస్తే మే నెలలో సియోల్లోని ఇటెవాన్ ప్రాంతపు క్లబ్బుల నుంచి 200 మందికి పైగా అంటుకుని మళ్లీ తాళాలు వేశారు.

మన పట్నంలో బార్ల సంగతి చూడండి. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయటి గాలి పిసరంత కూడా తీసుకోదు. దాని జాలీ ఆపేది దుమ్మునే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటుంది గానీ, చల్లదనం పోతుందని, కరెంటు బిల్లు పెరుగుతుందని స్విచ్ కట్టేస్తారు. వంటగదిలోది ఒక్కటీ జిడ్డు పట్టిన రెక్కలతో మూలుగుతూ తిరుగుతుంది. బార్లు తెరిచిన రోజే ఐపీఎల్ కూడా మొదలైంది కదా, సాయంత్రం ఏడున్నరకి టీవీ సౌండు పెంచుతారు. టీవీని మించి అరిస్తే గానీ ఎదుటివాడికి వినబడదు. అరిచేవాడి నోటి నుంచి మామూలుగా మాట్లాడేవాడికన్నా ఎక్కువ తుంపర్లు వస్తాయి. మాస్కు గడ్డం కింద ఉంటుంది, ఎందుకంటే మాస్కుతో ఎవరూ తాగలేరు. రెండో క్వార్టర్ దగ్గర ఆరడుగుల దూరం ఎవరికి గుర్తుంటుంది? అన్ని బల్లలకీ తిరిగే బేరర్ అయితే అయిదారు గంటలు ఆ గాలే పీలుస్తాడు.

గుమ్మం దగ్గర మాత్రం భద్రత అమోఘం. నుదుటి మీద జ్వరం చూసే తుపాకీ పెట్టి 96 అనో 97 అనో చూసి లోపలికి వదులుతారు. లక్షణాలు రాకముందు ఒకటి రెండు రోజుల నుంచే మనిషి ఇతరులకి అంటిస్తాడు, అప్పటికి జ్వరమే ఉండదు. ఆ తుపాకీకి ఏం దొరుకుతుంది?

చేయదలిస్తే పని పెద్దదేమీ కాదు. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గది అంటే 6,000 ఘనపుటడుగులు, సుమారు 170 ఘనపు మీటర్లు. గంటకి ఆరుసార్లు గాలి మారాలంటే గంటకి వెయ్యి ఘనపు మీటర్లు పైచిలుకు లాగే ఫ్యాను కావాలి. ఎంత లాగుతుందో డబ్బా మీదే రాసి ఉంటుంది, చదువుకుని కొంటే చాలు. తలుపులన్నీ మూసి ఫ్యాను వేస్తే అది లాగడానికి గాలి ఉండదు. ఎదురుగోడ కిటికీ తెరవాలి. ఫ్యాను పక్క కిటికీ తెరిస్తే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, మూల బల్లల దగ్గర గాలి కదలదు. అనుమానమైతే మూల బల్ల మీద అగరుబత్తి వెలిగించి చూడండి, పొగ అక్కడే సుడి తిరుగుతోందంటే మనుషుల ఊపిరీ అక్కడే తిరుగుతోంది. కార్బన్ డయాక్సైడ్ మీటరు పెడితే ఇంకా నయం. బయట 400 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 400) చిల్లర చూపించేది లోపల 1,000 దాటితే ఒకరు వదిలింది ఒకరు పీలుస్తున్నట్టే. డాబా మీద బల్లలు వేస్తే అన్నిటికన్నా మేలు, వానకి పైన టార్పాలిన్ కట్టుకోవచ్చు. నాలుగు వైపులా కూడా దించేస్తే మాత్రం అది మళ్లీ గదే.

వీటిలో ఒక్కటైనా లైసెన్సు షరతుల్లో ఉందా? రాష్ట్రంలో 840 బార్లకి 2021 జూన్ 30 దాకా లైసెన్సు పొడిగించినప్పుడు ఫీజు మీద 20 శాతం కోవిడ్ రుసుము వేయడం మాత్రం మరచిపోలేదు. రుసుము కట్టాం కదా అని వైరస్ ఊరుకుంటుంది కాబోలు! తనిఖీకి వచ్చినవారు సీసా మూత మీద హోలోగ్రామ్ చూస్తారు, స్టాకు రిజిస్టరు చూస్తారు, కిటికీ వైపు కన్నెత్తి చూడరు. మొన్న మేలో పక్క విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల వరసలు సర్దడానికి బడి పంతుళ్లని నిలబెట్టిన యంత్రాంగం కదా, ఇంతకన్నా ఏం ఆశిస్తాం. 2020 సెప్టెంబరులో బడులు మూతే. సినిమా హాళ్లు మూతే. ఆ అక్టోబరులో మన ఊరి జాతర పైడితల్లమ్మ సిరిమానోత్సవం, బయట గాలిలో జరిగేదే, దానికి ఎవరు రావాలో ఎవరు రాకూడదో ముందు నుంచే చర్చ. ఏసీ బార్లో ఎంతమంది కూర్చోవాలో, ఎంతసేపు కూర్చోవాలో గోడ మీద రాసినవాడు లేడు.

ఎక్సైజ్ శాఖవారు ఈ లేఖకి జవాబు ఇవ్వదలిస్తే సంతోషం. తెరిచిన బార్లలో ఎన్నింటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉన్నాయో, వాటిలో రాత్రి ఎనిమిదింటికి తిరుగుతున్నవి ఎన్నో, ఆ రెండు అంకెలూ చాలు.

– ఒక పాఠకుడు, కంటోన్మెంట్, విజయనగరం