జీతాల రిజిస్టర్‌లోంచి బిల్లుల కట్టలోకి

సంపాదకులు గారికి,

నమస్కారం. ధనిక–పేద తేడాను ఎన్నికల సభల్లో ఎత్తిచూపే నాయకులు సమాజాన్ని చీలుస్తున్నారంటూ మీరు రాసిన సంపాదకీయం చదివాను. రెండు రోజులుగా అదే మనసులో తిరుగుతోంది. ఆ మాట నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

ఒక పెద్ద సంస్థ అకౌంట్స్ విభాగంలో ఇరవై రెండేళ్లు జీతాల బిల్లులు చేశాను. చేరిన కొత్తలో పైఅధికారి నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరి పేర్లూ ఒకే రిజిస్టర్‌లో ఉండేవి. అంకెల్లో తేడా చాలానే ఉండేది. అయినా సెలవులు, బోనసు, రిటైరయ్యాక వచ్చే డబ్బు ఇవన్నీ ఎంతో కొంత అందరికీ ఉండేవి. ఒక ఏడాది శుభ్రం చేసే పనిని కాంట్రాక్టరుకు అప్పగించారు. మరుసటి నెల నుంచి పదకొండు మంది పేర్లు నా రిజిస్టర్‌లో లేవు. మనుషులు మాత్రం ఎప్పటిలాగే వచ్చేవాళ్లు. అదే బకెట్టు, అవే మెట్లు. వాళ్ల తాలూకు డబ్బు ఇప్పుడు బిల్లు రూపంలో నా టేబుల్ మీదికి వచ్చేది, ఫినాయిల్ బిల్లుతో, కాగితాల బిల్లుతో, ఏసీ రిపేరు బిల్లుతో కలిపి ఒకే పిన్నుకు గుచ్చి. జీతాల పద్దులో ఉన్న మనుషులు నిర్వహణ ఖర్చుల పద్దులోకి వెళ్లిపోయారు.

ఆ మొదటి బిల్లు పాస్ చేస్తూ సంతకం పెట్టింది నేనే. వాళ్లలో ఒకావిడ నా దగ్గర ఆగి, “సార్, నా పేరు మీ పుస్తకంలోంచి తీసేశారంట కదా?” అని అడిగింది. తీసెయ్యలేదమ్మా, వేరేచోట రాస్తున్నారు అన్నాను. అది అబద్ధం. ఆ బిల్లులో ఆమె పేరు లేదు. ‘మనుషులు: 11’ అని ఉంది, అంతే. ఆ జవాబు చెప్పినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

మా ఆఫీసుకు ఆ రోజు ఏ నాయకుడూ వచ్చి ఉపన్యాసం ఇవ్వలేదు. చీలిక ఒక సంతకంతో వచ్చింది. ఇప్పుడు ఎవరైనా దాని గురించి మైకులో మాట్లాడితే, ఆ పదకొండు మందిలాంటి వాళ్లు చెవి ఒగ్గి వినడంలో ఆశ్చర్యం ఏముంది?

ఈ వినడం కూడా నిన్నా మొన్నా మొదలైంది కాదు. 2011 సెప్టెంబరు 17న, పైనున్న ఒక్క శాతం ధనికులదే పెత్తనమంతా అంటూ ‘ఆక్యుపై వాల్ స్ట్రీట్’ పేరుతో న్యూయార్క్‌లోని జుకోటీ పార్కులో గుడారాలు వేసుకుని కూర్చున్నవాళ్లను రెండు నెలలకే పోలీసులు ఖాళీ చేయించారు. గుడారాలు పోయాయి గానీ, “మేం 99 శాతం” అన్న నినాదం ఎన్నో దేశాల రాజకీయాల్లోకి పాకింది. ధనికులకూ పేదలకూ మధ్య గట్టి ఘర్షణ ఉందని 2009లో 47 శాతం అమెరికన్లు చెబితే, 2011 చివరికి అలా చెప్పినవాళ్లు 66 శాతం అయ్యారని ప్యూ సంస్థ సర్వే తేల్చింది. రెండేళ్లలో అంత మార్పు! ఆ రెండేళ్లూ 2008 ఆర్థిక సంక్షోభం దెబ్బకు ఉద్యోగాలూ ఇళ్లూ పోగొట్టుకున్న కాలమని గుర్తుంచుకుంటే, జనం కళ్లు ఎవరు తెరిపించారో అర్థమవుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది అమెరికా కుబేరుడు వారెన్ బఫెట్ లెక్క. 2011 ఆగస్టులో ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో తన పన్నుల సంగతి తానే రాశారు. పన్ను వేయదగిన ఆదాయంలో ఆయన కట్టింది 17.4 శాతం. ఆయన ఆఫీసులోని మిగతా 20 మంది కట్టింది 33 నుంచి 41 శాతం, సగటున 36. ఆఫీసు మొత్తంలో అందరికంటే తక్కువ రేటు యజమానిదే! జీతాల బిల్లులు చేసినవాణ్ని కాబట్టి ఇందులోని కిటుకు నాకు వెంటనే తట్టింది. జీతం మీద పన్ను ఆ డబ్బు చేతికి రాకముందే కోతపడుతుంది. షేర్ల లాభం అమ్మినప్పుడే లెక్కలోకి వస్తుంది, అమ్మినా అక్కడ దాని మీద రేటు తక్కువ. అంతకు ఐదేళ్ల ముందు, 2006లో, ఇదే బఫెట్ వర్గయుద్ధం ఉన్నమాట నిజమేననీ, ఆ యుద్ధం చేస్తున్నది తన వర్గమేననీ, గెలుస్తున్నదీ తామేననీ అదే పత్రికతో అన్నారు. ఆయన్నూ సమాజాన్ని చీల్చేవాడంటారా? అదే మాట ఒక కార్మికుడంటే ద్వేషం అవుతుందా?

మన భాషలోనూ ఒక చిక్కు ఉంది. ‘వర్గం’ అన్న మాటను ఎన్నింటికి వాడేశామో చూడండి. పేపర్లో ‘వర్గపోరు’ అని హెడ్డింగ్ కనిపిస్తే అది ఒకే పార్టీలో ఇద్దరు నాయకుల అనుచరుల గొడవ. ‘అధికార వర్గాలు తెలిపాయి’ అంటే పేరు బయటపెట్టని ఆఫీసరు. ‘ఒక వర్గం ఓట్లు’ అంటే కులమో మతమో. ఎవరి కష్టం మీద ఎవరి ఆదాయం నిలబడుతోంది, పని షరతులు ఎవరి చేతిలో ఉన్నాయి అన్న అర్థానికి ఆ మాటలో చోటే మిగల్లేదు. పోనీ ‘తరగతి’ అందామా అంటే అది బడిదో రైలుపెట్టెదో అయిపోయింది. అందులో బతికున్నది ‘మధ్యతరగతి’ ఒక్కటే. దాంట్లోకి అందరూ చేరిపోతారు, నాలుగిళ్లు అద్దెకిచ్చేవాళ్లూ, ఆ ఇళ్లలో అద్దెకుండేవాళ్లూ. పేరు లేని బాధను పట్టుకుని జనం ఎటు నడవాలి? ఎవరు ముందు పేరు పెడితే వాళ్ల వెంటే నడుస్తారు.

నా భయం కూడా అక్కడే. 2016 అమెరికా ఎన్నికల్లో ఇద్దరు ఈ బాధకు పేరు పెట్టారు. బెర్నీ శాండర్స్ కుబేరుల వైపు వేలు చూపించి, డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం జరిగిన పోటీలో కోటీ ముప్పై లక్షల ఓట్లు తెచ్చుకున్నారు, అయినా గెలవలేదు. డొనాల్డ్ ట్రంప్ మూతపడ్డ ఫ్యాక్టరీల ఊళ్లకు వెళ్లి, మిమ్మల్ని అందరూ మరిచిపోయారని చెప్పారు, వేలు మాత్రం వలసవచ్చిన వాళ్ల వైపు చూపించారు. గెలిచారు. 2017 డిసెంబరులో ఆయన సంతకం చేసిన చట్టం కంపెనీల పన్నును 35 శాతం నుంచి 21 శాతానికి దించింది. ఆ ఊళ్ల కార్మికులు అడిగింది అదేనా?

దీంట్లో వామపక్షాల తప్పు కూడా ఉంది. ఒకప్పుడు ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో పెద్దగా చదువుకోని కూలీలు వామపక్షాలకు, వాటికి దగ్గరి పార్టీలకు ఓటేసేవాళ్లు. పోనుపోను ఆ పార్టీలు బాగా చదువుకున్నవాళ్ల పార్టీలయ్యాయని ఆర్థికవేత్త థామస్ పికెట్టీ 1948 నుంచి 2017 వరకు ఎన్నికల సర్వేలు పరిశీలించి చూపించారు. ఆయన వాటికి పెట్టిన పేరు ‘బ్రాహ్మిణ్ లెఫ్ట్’. మనకు ఆ పేరు విడమర్చి చెప్పక్కర్లేదు. తమ భాష మాట్లాడేవాళ్లు లేని చోట జనం ఎవరి భాష దగ్గరగా వినిపిస్తే వాళ్ల దగ్గరికి పోయారు.

ఫ్రాన్స్‌లో ఏ బండిలోనైనా మెరిసే పసుపు జాకెట్టు ఒకటి ఉండి తీరాలని చట్టం ఉంది, దారిలో బండి ఆగిపోతే వేసుకోవడానికి. 2018 నవంబరు 17న, బండి లేకపోతే పనికి చేరలేని ఊళ్ల జనం ఆ జాకెట్లు తొడుక్కుని కూడళ్లలో నిలబడ్డారు. ఇంధనం మీద పన్ను పెంపు వాళ్లను రోడ్డెక్కించింది. అదే ప్రభుత్వం ఆ ఏడాది మొదట్లోనే సంపద పన్నును ఎత్తేసి, భూములు ఇళ్ల వరకే మిగిల్చింది. తమ జేబుకు ఒక న్యాయం, షేర్లున్న వాళ్లకు ఇంకో న్యాయం అని చెప్పడానికి వాళ్లకు ఏ పార్టీ, ఏ యూనియన్ పాఠమూ అవసరం రాలేదు. డిసెంబరులో ఇంధనం పన్ను పెంపు ఆగిపోయింది. సంపద పన్ను మాత్రం వెనక్కి రాలేదు. రోజూ కూర్చుని బేరమాడే సంఘం వాళ్లకు లేదు మరి.

తెలివిడి పెరుగుతోంది, సంఘం తరుగుతోంది. ఇది నా గొంతులో ముల్లులా ఉంది. అమెరికాలో కార్మిక సంఘాలను మెచ్చుకునేవాళ్లు 2009లో 48 శాతం, 2022లో 71 శాతం అని గాలప్ సర్వేలు చెబుతున్నాయి. నిజంగా సంఘంలో ఉన్న ఉద్యోగులు? 1983లో 20.1 శాతం, 2024లో 9.9 శాతం. కోపం ఉంది, సభ్యత్వం లేదు. సంఘంలేని కోపాన్ని ఎన్నికల నెలలో ఎవరైనా ఎత్తుకుపోవచ్చు.

మీ సంపాదకీయంలో ఒక ఆందోళన మాత్రం సరైనదే. వర్గం పేరుతో మనుషుల మీద పడిన చరిత్ర ఉంది. 1930ల మొదట్లో సోవియట్ యూనియన్‌లో నాలుగు పశువులున్న రైతుక్కూడా ‘కులక్’ (ధనిక రైతు) అని ముద్రవేసి కుటుంబాలతో సహా దూరప్రాంతాలకు తరిమారు. లక్షల మంది చచ్చిపోయారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఎవరినీ నేను నమ్మను. అందుకే నాయకుడు ఎవరి మీద కోపం నేర్పుతున్నాడన్నదాని కంటే ఏ నిబంధన మారుస్తానంటున్నాడన్నదే నేను చూస్తాను. పన్ను రేటు మార్చమనడం వేరు, పక్కింటివాణ్ని శత్రువుగా చూపించడం వేరు. మీరు రెంటినీ ఒకే గాటన కట్టారు.

మీకు నా విన్నపం ఇది. పేదల పక్షమని చెప్పుకునే ఏ అభ్యర్థి ప్రసంగం వేసినా, కాంట్రాక్టు పనివాళ్లను సొంత ఉద్యోగులుగా లెక్కించే విషయంలో అతను చట్టసభలో ఎటు ఓటేశాడో పక్కనే వేయండి. జీతం మీద పన్నుకూ షేర్ల లాభం మీద పన్నుకూ ఉన్న తేడాపై ఏమంటాడో అడిగి రాయండి. సంఘం పెట్టుకున్నందుకు ఉద్యోగం పోయినవాళ్ల కోసం ఎప్పుడైనా నోరు విప్పాడా అని కూడా. మీ విలేకరులకు ఇది కష్టమైన పనేం కాదు.

ఇంకొక్కటి. మీ ప్రెస్సులో రాత్రంతా కాగితపు చుట్టలు దొర్లించేవాళ్ల పేర్లు, మీ ఆఫీసు మెట్లు తుడిచేవాళ్ల పేర్లు మీ జీతాల రిజిస్టర్‌లో ఉన్నాయా, బిల్లుల కట్టలో ఉన్నాయా? ఈ లేఖ కింద మీ జవాబు కూడా అచ్చువేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అకౌంట్స్ ఉద్యోగి