బొమ్మల పుస్తకం కొనే ముందు పైకి చదివి చూడండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, చివరి రోజు బహుమతులు. బాగానే ఉంటాయి. కానీ వీటిలో పాల్గొనాలంటే కనీసం ఐదో తరగతో ఆరో తరగతో చదువుతుండాలి. ఇంకా అక్షరాలు రాని మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలకు గ్రంథాలయంలో ఏముంది? మా దగ్గరి శాఖా గ్రంథాలయానికి మనవరాలిని తీసుకెళ్తే అక్కడి ఉద్యోగి నొచ్చుకుంటూనే చెప్పాడు: "ఇంత చిన్నపిల్లలకేం లేవు మేడమ్, కావాలంటే ఆదివారం పేపర్లో బొమ్మలు చూపించండి" అని. 'పిల్లల విభాగం' అని రాసున్న బీరువాలో నీతికథల సంపుటాలు, జాతీయ నాయకుల జీవిత చరిత్రలు, జనరల్ నాలెడ్జి పుస్తకాలు ఉన్నాయి. దానికీ తాళమే. హాలంతా గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ చదువుకునే కుర్రకారుతో నిండిపోయి ఉంది. వాళ్లను తప్పుపట్టను, పాపం వాళ్లకు ఇంకెక్కడ చోటుంది.

1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే లెక్క. ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న వార్తలు తరచూ చూస్తూనే ఉన్నాం, అది వేరే గొడవ. చేరిన సొమ్ములోనైనా ఆరేళ్ల లోపు పిల్లలకు కొంత వాటా ఉండాలని నేనంటాను. వాటా ఇస్తే సరిపోదు, ఏం కొంటున్నారో చూసి కొనాలి. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే.

ఇరవై ఏళ్లకు పైగా ఒకటో తరగతికి చెప్పినదాన్ని కాబట్టి కాస్త చనువుగా రాస్తున్నాను. పసిపిల్లల పుస్తకం అనగానే మనకు ఫ్యాన్సీ షాపులో దొరికే పుస్తకమే గుర్తొస్తుంది. పేజీకి పన్నెండు గళ్లు, గడికొక పండో కూరగాయో జంతువో, కింద ఇంగ్లీషులో పేరు. బొమ్మలన్నీ ఇంటర్నెట్‌లోంచి దింపినవే. ఎలుకా ఏనుగూ ఒకే సైజు. వీటితో ఉపయోగం లేదనను, ఓ వారం పది రోజులు పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు, పేర్లు చెప్తారు. ఆ తర్వాత అది పరీక్ష పేపరైపోతుంది. చుట్టాలొచ్చినప్పుడల్లా "ఇదేంటి? అదేంటి? చెప్పు నాన్నా" అని అడగడం, పిల్ల చెప్పకపోతే అమ్మకు టెన్షన్. పాప చేతిలో పుస్తకం ఉందని మనం అనుకుంటాం కానీ, పాపకు అందులో కథ లేదు, అడగడానికి ఏమీ లేదు.

బొమ్మల కథల పుస్తకం దారే వేరు. మా ఇంట్లో ఒకటుంది. ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో బస్సెక్కి ఊరెళ్తుంది. పేజీకి ఒకటో రెండో వాక్యాలు. బస్సు బయల్దేరింది, బస్సు ఆగింది, టీ అబ్బాయి వచ్చాడు, అంతే. నేను చదివేసి పేజీ తిప్పబోతుంటే మనవరాలు నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. సీటు కింద బుట్టలోంచి ఓ కోడిపెట్ట తల బయటపెట్టి చూస్తోంది. తర్వాతి పేజీలో అది బుట్టలో లేదు, కండక్టరు కాళ్ల దగ్గరుంది. ఆ తర్వాత డ్రైవరు వెనకాల. వాక్యాల్లో ఎక్కడా కోడి ఊసే లేదు. ఇప్పుడు ఆ పుస్తకం తీస్తే "కోడెక్కడ అమ్మమ్మా?" అనే మొదలు. దానికి టిక్కెట్టు తీశారా, దిగాక ఎవరింటికెళ్లింది, వాళ్లమ్మ తిట్టిందా? పది నిమిషాల పుస్తకం అరగంట నడుస్తుంది. రచయిత చెప్పని సంగతిని బొమ్మ వేసినవాళ్లు చెప్పారన్నమాట. పిల్లల పుస్తకంలో నేను మొదట వెతికేది ఇదే. వాక్యంలో ఉన్నదే బొమ్మలోనూ ఉంటే, పిల్లలు రెండోసారి ఆ పేజీ చూడరు.

రెండోది, పైకి చదివి చూడటం. దుకాణంలో నిలబడే రెండు పేజీలు గొంతెత్తి చదవండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. "ఓ ఏనుగా, నీవు ఎచ్చటికి పోవుచున్నావు?" అని ఉంటే అక్కడే పెట్టేయండి. మన ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు, ఏనుగుతో అసలే మాట్లాడరు. నోరు తిరగని వాక్యం రాత్రి పడుకోబోయే ముందు పదోసారి చదివేటప్పుడు ఎంత నరకమో తల్లులకు తెలుసు. అదే ఒక మాట పేజీ పేజీకీ తిరిగొచ్చేలా రాస్తే, మూడోసారికి పిల్లే మనకన్నా ముందు అందుకుంటుంది. అక్షరం ముక్క రాకపోయినా పుస్తకం తిప్పుతూ గడగడా చదివేస్తున్నట్టు నటిస్తుంది. ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లో ఇలా నటించినవాళ్లెవరో నేను మొదటి నెలలోనే పోల్చుకునేదాన్ని. వాళ్లకు పుస్తకం ఎటునుంచి తెరవాలో, వేలు ఎటు జరపాలో నేర్పే పని ఉండేది కాదు.

నీతి సంగతి కూడా చెప్పాలి. చివరి పేజీలో డబ్బా కట్టి 'నీతి: పెద్దల మాట వినవలెను' అని ఉంటే కానీ మనవాళ్లకు డబ్బులు గిట్టుబాటైనట్టుండదు. రెండేళ్ల పిల్లకు నీతి ఎందుకండీ? ముందు నవ్వు రానివ్వండి.

ఏడాదిన్నర లోపు పిల్లలైతే పుస్తకాన్ని ముందు నోట్లో పెట్టుకుంటారు. వాళ్లకు గట్టి అట్ట పేజీలు, గుండ్రటి మూలలు, పేజీకి ఒకటే పెద్ద బొమ్మ ఉండాలి. పిన్నులు కొట్టిన పుస్తకాలు వద్దు, ఊడిన పిన్ను నోట్లోకి పోతుంది. ఇంతకన్నా పెద్ద శాస్త్రం లేదిందులో.

తెలుగులో మంచివి దొరకవనేవారికి ఒక మాట. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం ఎప్పటినుంచో ఉంది, ధరా తక్కువే. చెన్నైలోని తూలిక వాళ్లు తెలుగులోనూ వేస్తున్నారు. మా తరం రష్యా పుస్తకాల రంగులు చూసి పెరిగింది, వాటిలో కొన్నింటిని సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ మళ్లీ అచ్చువేసింది. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా చదువుకోవచ్చు. కథలను స్థాయిలవారీగా పెట్టారు, మొదటి స్థాయివి చిన్నవాళ్లకు సరిపోతాయి. వాటిని దించుకుని అచ్చు వేసుకోవడానికి కూడా అనుమతి ఉంది. మండలానికొక ప్రింటరున్నా అంగన్‌వాడీలకు పుస్తకాల కొరత ఉండకూడదు. అయితే ఫోన్‌లోనే చూపించేస్తే పోలా అనకండి. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. పైగా ఫోన్‌లో కథ మధ్యలో ఎవరిదో కాల్ వస్తుంది, కోడి గోవిందా.

ఇక కొనుగోళ్ల దగ్గరికొస్తే, బొమ్మల పుస్తకానికి మొదటి శత్రువు పేజీల లెక్క. పదహారు పేజీలు, యాభై అరవై రూపాయలు. పక్కనే రెండొందల పేజీల కథల సంపుటం వంద రూపాయలకే వస్తోంది. ఆడిట్ వాళ్లకు ఏది లాభసాటిగా కనపడుతుందో చెప్పక్కర్లేదు. కానీ ఆ సంపుటం అచ్చైన ఏడాది నుంచి నలగకుండా అలాగే ఉంటుంది, ఈ పదహారు పేజీలు ఒక పిల్ల చేతిలోనే వందసార్లు తిరుగుతాయి. రెండో శత్రువు చిరుగుతుందన్న భయం. అంగన్‌వాడీ టీచర్లూ లైబ్రేరియన్లూ మంచి పుస్తకం చేతికొస్తే బీరువాలో పెట్టి తాళం వేసేది అందుకే, తేడా వస్తే జేబులోంచి కట్టాల్సి వస్తుందేమోనని. వాళ్లను అనుకుని ఏం లాభం? ఆరేళ్ల లోపు పిల్లల పుస్తకాలు రెండేళ్లకు అరిగిపోతాయని ముందే లెక్క కట్టి, చిరిగినవాటిని రిజిస్టరులోంచి తీసేసే అధికారం టీచరుకే ఇస్తూ ఒక ఉత్తర్వు వస్తే తాళాలు వాటంతటవే తెరుచుకుంటాయి.

పుస్తకాలు నిలువుగా వీపులు కనపడేలా సర్దితే చిన్నపిల్లలకు ఏదేమిటో తెలియదు. అట్ట మీది బొమ్మ కనపడేలా, పిల్లల చేతికందే ఎత్తులో పెట్టాలి. చిన్న చెక్క ర్యాక్, కింద ఒక చాప చాలు. సాయంత్రం ఓ గంట పోటీ పరీక్షల పిల్లలకు ఇబ్బంది లేకుండా వరండాలో వేసినా పర్వాలేదు.

కొనబోయే పుస్తకాల జాబితాను ముందుగా గ్రంథాలయం నోటీసు బోర్డులో పెట్టమని జిల్లా గ్రంథాలయ సంస్థల బాధ్యులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. నమూనా ప్రతులు తెప్పిస్తే మాలాంటి రిటైరైన టీచర్లం పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, పైకి చదివి, ఏవి కొనొచ్చో ఏవి వద్దో రాసిస్తాం. టీఏ, డీఏలు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా